మజ్జిగలో పొడి

"ఇంకొక్క పూట కూడా మా అమ్మని ఈ ఇంట్లో ఉంచను. కారు వీధి చివర ఆపించాను. ఎవరూ అడ్డం రావద్దు."

రాజకుమారి ఆ మాటంటూనే తల్లి చీరలు మడత కూడా పెట్టకుండా సంచిలో కుక్కుతోంది. గుడివాడలో తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన మనిషి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

మంచం మీద అనసూయమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. కణత మీద దెబ్బ నిన్నటికన్నా నల్లబడింది. మోచేతికి కట్టుంది. మొన్న పొద్దున్న పెరట్లో కుళాయి దగ్గర పడిపోయింది. లేవదీయడానికి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తే ఆవిడ అన్న మొదటి మాట, "నా కోడలు తోసేసింది" అని. మధ్యాహ్నానికల్లా ఆ మాట నాగాయలంక రేవు దాకా పాకింది. సాయంత్రానికి గుడివాడలో కూతురి చెవిన పడింది.

ఆ కోడలు సూర్యకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"తీసుకెళ్తే తీసుకెళ్ళండి వదినా. కానీ నేను తోశానని నమ్మి తీసుకెళ్ళకండి."

"మరెవరు తోశారు? గాలి తోసిందా?"

"నేను ఇవతల దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. కేక వినపడి పరిగెత్తాను."

"అంటే మా అమ్మ అబద్ధం చెప్తోందన్నమాట."

పందొమ్మిదేళ్ళ కాపురంలో సూర్యకుమారి అత్తయ్య నోట అబద్ధం వినలేదు. మూడు రోజులుగా ఆమెకి నిద్ర లేకుండా చేస్తున్నది అదే. ఊరు అన్న మాటలు కాదు.

వసారాలో ఆమె భర్త నాగేంద్రబాబు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. రేవులో బోట్లు ఒడ్డుకు వచ్చేశాయి. చేపలు ఐసు పెట్టెల్లోకి ఎక్కించే మనుషులు ఫోను మీద ఫోను చేస్తున్నారు. ఎత్తడం లేదు. ఇంట్లోకి రావడమూ లేదు.

"ఏరా తమ్ముడూ, నీ నోట్లో మాట లేదా?"

"ముందు డాక్టరుకి చూపిద్దాం అక్కా."

"చూపించలేదా? ఆర్నెల్ల కింద గుడివాడలో రక్తం పరీక్ష చేయించింది నేను కాదూ? రక్తం బాగానే ఉంది, మతిమరుపు వయసు వల్ల వచ్చిందన్నారు. ఈ ఇంట్లో తిండి సరిగ్గా పెడితే అసలు..."

"దాన్ని నా దగ్గరికి రానివ్వమాకండి." అనసూయమ్మ ఉన్నట్టుండి అరిచింది. వేలు కోడలి వైపు చూపిస్తోంది. "మజ్జిగలో ఏదో కలుపుతోంది. నా కళ్ళతో చూశాను. తెల్లటి పొడి. కలిపి, గిలక్కొట్టి, ఏమీ ఎరగనట్టు తెచ్చిస్తోంది."

సంచిలో చీరలు కుక్కుతున్న రాజకుమారి చేతులు ఆగిపోయాయి.

సూర్యకుమారి ఆడపడుచు వైపు చూసింది. చూస్తూనే ఉంది. రాజకుమారి కళ్ళు దించుకుని సంచి జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంది.

"ఏం పొడి?" నాగేంద్రబాబు గుమ్మంలోకి వచ్చాడు. "సూర్యా, ఏం పొడి?"

ఆమె ఇంకో నిమిషం ఆగింది. వదిన తనంతట తను చెప్తుందేమోనని. చివరికి వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఒక డబ్బా తెచ్చి మంచం పక్కన పెట్టింది. డబ్బా మీద రంగురంగుల పళ్ళ బొమ్మలున్నాయి.

"ఇదేంటో మీరు చెప్పండి వదినా."

రాజకుమారి మొహం కందిపోయింది. "అదేం విషం కాదు. హెల్త్ పౌడరు. ఇరవై నాలుగు విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి. నేనే ఇస్తున్నాను మా వీధిలో అందరికీ. అమ్మేమో తాగనని మొండికేసింది. అందుకని మజ్జిగలో కలిపి ఇవ్వమన్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది నెలలు."

"నాకొక మాట చెప్పలేదేం?" అన్నాడు నాగేంద్రబాబు. అది ఎవరిని అడిగాడో తెలియలేదు.

"చూశారా," అంది అనసూయమ్మ. గొంతు ఇప్పుడు నెమ్మదిగా ఉంది. "కలిపిందా లేదా? నాకు మతి పోయిందన్నారు అందరూ."

ముసలావిడ చెప్పిన రెండు మాటల్లో ఒకటి నిజమని తేలిపోయింది. మరి రెండోది?

"బందరులో చూపిద్దాం," అన్నాడు నాగేంద్రబాబు. ఈసారి గట్టిగానే అన్నాడు. "నరాల డాక్టరమ్మ ఉందట. ఇప్పుడే వెళ్దాం."

"సరే. చూపించి, అట్నుంచి అటే గుడివాడ తీసుకెళ్ళిపోతాను."

సూర్యకుమారి డబ్బా ఎత్తి తన చేతిసంచిలో పెట్టుకుంది.

"అది ఎందుకు?" రాజకుమారి విసురుగా అడిగింది.

"అత్తయ్య ఏం తింటున్నారని డాక్టరు అడిగితే ఏం చూపించను?"

*

బందరు దారిలో కారు మోపిదేవి దాటి చల్లపల్లి చేరింది.

అక్కడ టీ కోసం దిగారు. కారెక్కించేటప్పుడు అనసూయమ్మ కుడికాలి చెప్పు జారి రోడ్డు మీద ఉండిపోయింది. ఆవిడకి తెలియలేదు. ఒట్టికాలితో నాలుగు అడుగులు వేసి ఎక్కి కూర్చుంది.

సూర్యకుమారి చెప్పు తెచ్చి, వంగి తొడిగింది. పాదం వేడిగానే ఉంది కానీ తన చేతిలో వేరెవరిదో వస్తువులా బరువుగా ఉండిపోయింది.

"చెప్పు పోయింది, తెలియలేదా అత్తయ్యా?"

అనసూయమ్మ కోడలి వైపు అనుమానంగా చూసి కాలు వెనక్కి లాక్కుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "దూది మీద నడిచినట్టుంటది. వానల ముందు నుంచీ అంతే."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను?"

ముందు సీట్లో నాగేంద్రబాబు అద్దంలోంచి తల్లిని చూశాడు. వెంటనే చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

*

డాక్టర్ క్రిస్టినాకి నలభై దాటి ఉంటాయి. మెల్లగా మాట్లాడుతుంది కానీ ప్రశ్న వదలదు. షుగరు ఎన్నేళ్ళుగా ఉంది? పన్నెండేళ్ళు. ఏ బిళ్ళలు? నాగేంద్రబాబు చీటీ తీసి చూపించాడు. మతిమరుపు ఎప్పటి నుంచి? అనుమానాలు ఎప్పటి నుంచి? తనలో తను మాట్లాడుకుంటారా?

"భోజనంలో ఏం తింటారమ్మా? చేపలు తింటారా?"

"మానేసింది," అన్నాడు నాగేంద్రబాబు. "తొమ్మిదేళ్ళయింది. చేప, మాంసం, గుడ్డు, ఏదీ ముట్టుకోదు."

"చేపల వ్యాపారం చేసే ఇంట్లోనా?" డాక్టరు అనసూయమ్మ వైపు తిరిగింది. "ఎందుకు మానేశారమ్మా?"

"మా ఆయన వేటకి పోయాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడింది. కూడా పోయిన ఇద్దరూ మూడో రోజుకి ఒడ్డుకి కొట్టుకొచ్చారు. ఆయన రాలేదు. ఆయన్ని సముద్రం ఉంచేసుకుంది. ఆ నీళ్ళలో తిరిగే చేపని నేను ఎట్టా కొరకను తల్లీ?"

డాక్టరు కలం కాగితం మీద ఆగింది. రాజకుమారి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తొమ్మిదేళ్ళలో తల్లి ఆ కారణం బయటికి చెప్పగా పిల్లలిద్దరూ వినడం ఇదే మొదలు. మొక్కు అనుకున్నారు. చాదస్తం అనుకున్నారు. అడగలేదు.

డాక్టరు లేచి, రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి తీసి బల్ల అంచున కొట్టి, జుమ్మంటున్న దాన్ని అనసూయమ్మ చేతి ఎముక మీద ఆనించింది.

"ఏమన్నా తెలుస్తోందా?"

"తుమ్మెద రొదలాగుంది."

తర్వాత కాలి బొటనవేలి మీద ఆనించింది. "ఇక్కడ?"

"పెట్టావా?"

చీలమండ మీద పెట్టింది. మోకాలి కింద పెట్టింది. ముసలావిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"మీరంతా ఆ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడండి," అంది డాక్టరు మిగతా వాళ్ళతో. నర్సుని పేషెంటు ముందు నిలబెట్టి, తను వెనక చేతులు చాచి నిలబడింది. "పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడండమ్మా. బాగుంది. పడనివ్వను, భయపడకండి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

అనసూయమ్మ కళ్ళు మూసుకుంది.

రెండు క్షణాలు గడిచాయో లేదో, మనిషి పక్కకి ఒరిగిపోయింది. డాక్టరు ఒడిసి పట్టుకుంది.

"తోసింది! మళ్ళీ తోసింది! చూడండి, మీ ముందరే తోసింది!"

కళ్ళు తెరిచింది. గోడ దగ్గర, బరువు చూసే మిషను పక్కన, పది అడుగుల దూరంలో సూర్యకుమారి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కదిలిన మనిషి కాదు.

అనసూయమ్మ కోడలిని చూసింది. వెనక ఉన్న డాక్టరుని చూసింది. మళ్ళీ కోడలిని చూసింది.

"అమ్మా," డాక్టరు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టింది. "మొన్న పడ్డప్పుడు ఏం చేస్తున్నారు?"

"మొహం కడుక్కుంటన్నా."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే."

"కళ్ళు మూసుకున్నారా?"

"మూసుకోకపోతే మండవూ?"

సూర్యకుమారి ఒక్కసారిగా గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ అర్థం కాలేదు. నాగేంద్రబాబు ఆమె వైపు ఒక అడుగు వేసి, అక్కడే ఆగిపోయాడు.

*

రక్తం రిపోర్టు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది.

"రెండు వందల పైన ఉండాలి. ఈవిడకి డెబ్భై ఆరు ఉంది," అంది డాక్టరు. "విటమిన్ బి ట్వెల్వ్. నరాల మీద కరెంటు తీగకి ఉన్నట్టు ఒక తొడుగుంటుంది. ఈ విటమిన్ లేకపోతే ఆ తొడుగు పాడవుతుంది. పాదం నేల మీద ఎక్కడుందో మెదడుకి కబురు అందదు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు చూసి సర్దుకుంటారు. మూసుకున్నారో, ఎవరో తోసినట్టే ఉంటుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడకి అనిపించిందే చెప్పారు."

"మతిమరుపు? ఆ అనుమానాలు?"

"అవీ దీనివల్లే కావచ్చు. విటమిన్ అంటే ఒంటికి రవ్వంత సరిపోయేదే. కానీ ఆ రవ్వంత మన ఒళ్ళు తయారు చేసుకోలేదు, బయట నుంచి రావాలి. ఈ బి ట్వెల్వ్ చేపలో, మాంసంలో, గుడ్లలో, పాలలో ఉంటుంది. అన్నంలో, కూరల్లో దొరకదు. కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిలవ ఉంటుంది. అది తరిగిపోయేదాకా ఎవరికీ తెలియదు. మజ్జిగలో వచ్చే కాస్తా ఈవిడ వాడే షుగరు బిళ్ళ ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. బిళ్ళ మాత్రం మానకండి, దాని సంగతి నేను చూస్తాను."

సూర్యకుమారి సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పది నెలలుగా ఇస్తున్నామండీ."

రాజకుమారి బిగుసుకుపోయింది. డాక్టరు కళ్ళజోడు సర్దుకుని డబ్బా వెనక సన్న అక్షరాలు చదవసాగింది.

"ఇరవై నాలుగు పేర్లున్నాయి," అంది చివరికి. "ఈవిడకి కావలసిన ఆ ఒక్కటీ లేదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం బాగా ఉంది."

"అది మంచిదే కదండీ?" రాజకుమారి గొంతు సన్నగా వచ్చింది. "ఆకుకూరల్లో ఉండేదేగా. కడుపుతో ఉన్నవాళ్ళకి మీరే ఇస్తారుగా?"

"మంచిదే. ఇస్తాం. కానీ బి ట్వెల్వ్ తగ్గితే ముందు ఒంట్లో రక్తం తగ్గుతుంది. అది చూసి మేం పట్టుకుంటాం. ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా పడితే రక్తం బాగున్నట్టే కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. ఆర్నెల్ల కింద మీకు రక్తం బాగుందని చెప్పింది అందుకే అయి ఉంటుంది."

"అంటే మా అమ్మ కాళ్ళు నేనే పోగొట్టానంటారా?"

"పొడి వల్ల జబ్బు రాలేదు. జబ్బు దాక్కోవడానికి చోటు దొరికింది. అంతే."

"మరి యాంటీ ఆక్సిడెంట్లు?" రాజకుమారి వదల్లేదు. పోట్లాడుతున్నదో బతిమాలుతున్నదో తెలియని గొంతు. "ఈ పొడి అమ్మేవాళ్ళకి పెట్టే మీటింగుల్లో మాకు చెప్పారు. కణాలు తుప్పు పట్టకుండా కాపాడతాయని. నేను అందరికీ అదే చెప్పాను."

"జామకాయలో, ఉసిరికాయలో, గోంగూరలో ఉన్నంతవరకూ తినండి, తినిపించండి. అవే విడదీసి డబ్బాలో పోస్తే ఆయుష్షు పెరుగుతుందని ఇంతవరకూ తేలలేదు. పైగా అన్ని విటమిన్లూ ఒకటి కాదు. సి లాంటివి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి లాంటివి ఒంట్లో పేరుకుంటాయి. పేరుకుంటే అదీ ప్రమాదమే. ఎవరికి ఏది తక్కువో చూసి ఇవ్వాలి. అందరికీ ఒకటే డబ్బా ఎలా సరిపోతుందమ్మా?"

రాజకుమారి డబ్బా మీది పళ్ళ బొమ్మలని చూస్తూ ఉండిపోయింది.

అప్పటిదాకా వింటున్న అనసూయమ్మ గొంతు సవరించుకుంది. "నేను చేప మాత్రం తినను. ఆ సంగతి ముందు అనుకుని, తర్వాత వైద్యం చెయ్యి తల్లీ."

"తినక్కర్లేదమ్మా. సూది వేస్తాం."

"అందులో చేప ఉండదా?"

"ఉండదు. దీన్ని చెట్టూ చెయ్యలేదు, చేపా చెయ్యలేదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు చేస్తాయి. చేపకైనా వాటి దగ్గర నుంచి వచ్చిందే. మందులవాళ్ళూ వాటితోనే చేయిస్తారు."

"పాలు తోడుకున్నట్టా?"

డాక్టరు మొదటిసారి నవ్వింది. "ఇంచుమించు అంతే."

"అయితే వెయ్యి."

రెండు వారాలు రోజు విడిచి రోజు. తర్వాత వారానికొకటి. తర్వాత నెలకొకటి, జీవితాంతం. మొదటి సూది అక్కడే పడింది. మిగతావి నాగాయలంకలో హేమ అనే నర్సు ఇంటికొచ్చి వేస్తుంది.

"మతి ముందు సర్దుకుంటుంది," అంది డాక్టరు నాగేంద్రబాబుని పక్కకి పిలిచి. "కాళ్ళు ఎంతవరకు వస్తాయో ఆర్నెల్లు ఆగితేగానీ చెప్పలేను. ఆలస్యమైంది. ఒక్క సూది కూడా తప్పనివ్వకండి."

*

ఆసుపత్రి మెట్ల మీద రాజకుమారి సూర్యకుమారిని ఆపింది.

"పొడి సంగతి ఇంట్లో నేనే ఒప్పుకున్నానుగా. డాక్టరు ముందు ఆ డబ్బా పెట్టి నా పరువు తీశావు."

"పరువు పోయింది నాది వదినా. మూడు రోజులుగా. పొద్దున్న అత్తయ్య పొడి మాట ఎత్తగానే 'కలపమన్నది నేనే' అని మీ అంతట మీరు ఒక్క మాట చెప్పారా?"

"నేను చెప్పకూడదని కాదు..."

"చెప్పలేదు."

రాజకుమారి మెట్టు మీద కూర్చుండిపోయింది. చాలాసేపు ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉంది.

"మా వీధిలో పదహారు ఇళ్ళకి ఇచ్చాను," అంది ఎట్టకేలకు. "ముగ్గురు అమ్మ వయసువాళ్ళు. ఒకావిడ పాదాలు తిమ్మిర్లని చెప్తే ఇంకో చెంచా ఎక్కువ వేసుకోమన్నాను సూర్యా. నేనే. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను?"

సూర్యకుమారికి ఆ క్షణంలో గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. పక్కన కూర్చుంది.

"ఉన్నదున్నట్టు చెప్పండి. రక్తం చూపించుకోమనండి."

"నా మొహాన తలుపేస్తారు."

"వేయనివ్వండి."

కారు దగ్గర మళ్ళీ తగువు మొదలవుతుందని నాగేంద్రబాబు భయపడ్డాడు. అవలేదు. "నా మంచం నాగాయలంకలో ఉంది," అంది అనసూయమ్మ. కూతురు ఎదురు చెప్పలేదు. తల్లి చీరల సంచి కారులోనే వదిలి, గుడివాడ బస్సెక్కడానికి ఒక్కతే నడిచి వెళ్ళిపోయింది.

*

మూడో సూది తర్వాత అనసూయమ్మ వారం పేరు ఎవరినీ అడగకుండా చెప్పింది. నాలుగో సూది తర్వాత పక్కింటావిడని పేరు పెట్టి పిలిచి, "నా కోడలు తొయ్యలేదమ్మాయ్. నా కాళ్ళే నన్ను తోశాయి. అందరికీ చెప్పు," అంది.

కోడలికి మాత్రం ఏమీ చెప్పలేదు. ఒకటే అంది. "మజ్జిగ నా ముందు చిలుకు."

ఆ రోజు నుంచి సూర్యకుమారి గిన్నె, కవ్వం తెచ్చుకుని మంచం పక్కనే కూర్చుని చిలుకుతోంది. ఇద్దరూ మాట్లాడుకోరు. అనసూయమ్మ కవ్వం వైపే చూస్తూ ఉంటుంది. ఆ చూపులో అనుమానం లేదు. కానీ ఏదో ఉంది. రోజు రోజుకీ ముసలావిడ తేరుకుంటున్నకొద్దీ మొహం చిన్నబోతోంది. తిండి తగ్గింది. సాయంత్రాలు వసారా వైపు తిరిగి కూర్చుని, దీపం పెట్టగానే మొహం తిప్పేసుకుంటోంది.

ఆరో సూది రోజు, పొద్దున్న పదింటికి హేమ వచ్చింది. మందు సిరంజిలోకి ఎక్కించి, "చెయ్యి ఇవ్వండి పిన్నిగారూ," అంది.

"వద్దు."

"నొప్పిగా ఉంటోందా? ఇవాళ రెండో చేతికి వేస్తాను."

"ఏ చేతికీ వద్దు. ఇంక వేయించుకోను. ఎల్లిపో తల్లీ."

నాగేంద్రబాబు రేవుకి బయల్దేరబోతున్నవాడు ఆగాడు. "అదేంటమ్మా? డాక్టరు ఏం చెప్పింది? ఒక్కటి కూడా మానకూడదంది. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నావు."

"తేరుకోవడం నాకొద్దు."

"చిన్నపిల్లలా మాట్లాడకు. హేమా, నేను పట్టుకుంటాను, నువ్వు వేసెయ్." ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అరిచాడు. తల్లి చెయ్యి పట్టుకోబోయాడు.

సూర్యకుమారి మధ్యలోకి వచ్చింది. "చెయ్యి వెయ్యకండి."

"తప్పుకో సూర్యా. కాళ్ళు పోతాయి."

"పోతే పోయేవి అత్తయ్య కాళ్ళు. ఆవిడకి చెప్పకుండా ఒకసారి పొడి లోపలికి పంపించాం కదా, ఏమైందో చూశాం. ఇంక ఈ ఇంట్లో ఆవిడ వద్దన్నది ఆవిడ ఒంట్లోకి పోదు." మంచం పక్కన నేల మీద కూర్చుంది. "ఎందుకు వద్దో చెప్పండి అత్తయ్యా. తెలిస్తే నేను కూడా వద్దనే అంటాను."

"ఈ సూది పడ్డప్పటి నుంచి మీ మావయ్య రావట్లేదే."

హేమ చేతిలో సిరంజి కిందికి దిగింది.

"వానలప్పటి నుంచీ వస్తన్నాడు. దీపాలు పెట్టే వేళకి. ఆ వసారా స్తంభం దగ్గర నిలబడతాడు. లుంగీ తడి తడిగా, నీళ్ళు కారుతూ. మాట్లాడడు. నేనే మాట్లాడేదాన్ని. మూడో సూదికి మసకగా కనపడ్డాడు. నాలుగో సూదికి రాలేదు."

సాయంత్రాలు అత్తయ్య వసారాతో ఏదో గొణుక్కోవడం సూర్యకుమారి రోజూ విన్నదే. వింటూ పొయ్యి మీద ఎసరు పెట్టుకున్నదే.

"అది కూడా జబ్బులోదే అక్కా," హేమ మెల్లగా అంది. "డాక్టరమ్మకి చెప్పాలి."

"జబ్బైతే జబ్బు. నాకా జబ్బే కావాలి." అనసూయమ్మ స్తంభం వైపు చూస్తూ అంది. "ఆయన లేడని నాకు తెలవదా? లుంగీలోంచి అన్ని నీళ్ళు కారినా కింద నేల తడిసేది కాదు. అది కూడా చూశాను. అయినా అడగాల్సింది ఒకటుంది. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటుంటే మీరు బందరు తీసుకెళ్ళారు."

"ఏం అడగాలి అత్తయ్యా?"

అనసూయమ్మ చూపు కొడుకు వైపు తిరిగింది.

"ఆ రోజు వేట వంతు ఆయనది కాదు. వీడిది. వీడికి జ్వరం అన్నారు. ఆయన లోపలికెళ్ళి వీడి నుదుటి మీద చెయ్యేసి చూశాడు. బయటికొచ్చి నా వైపు చూసి నవ్వి, వల భుజాన వేసుకుని ఎల్లిపోయాడు. జ్వరంతో ఉన్న కొడుకుని చూసొచ్చిన మనిషి ఎందుకు నవ్వుతాడు? తొమ్మిదేళ్ళుగా అదే అడగాలని."

నాగేంద్రబాబు వసారాలోకి వెనక్కి జరిగాడు. స్తంభాన్ని పట్టుకున్నాడు. తండ్రి నిలబడేవాడని తల్లి చెప్పిన స్తంభమే అదని గ్రహించి చటుక్కున చెయ్యి తీసేశాడు. ఆ రోజు తర్వాత అతను పడవ ఎక్కలేదు. ఒడ్డున చేపలు కొని పంపడమే. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

"అది నాన్నని అడగక్కర్లేదమ్మా," అన్నాడు. "నన్నడుగు."

హేమ మందు డబ్బా చప్పుడు కాకుండా మూసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అనసూయమ్మ కొడుకుని అడగడానికి నోరు తెరిచింది. ఈలోపు కింద కూర్చున్న సూర్యకుమారి ఆవిడ పాదం మీద చెయ్యి వేసింది. ఆ స్పర్శ ముసలావిడకి తెలిసిందో లేదో.

"మీ అబ్బాయిని కాదు అత్తయ్యా, నన్నడగండి," అంది. "ఆ రోజు వాయుగుండం అని రేడియోలో విన్నది నేను. లేని జ్వరం ఉందని మావయ్యకి చెప్పింది కూడా నేనే."